మెంబరుగారు

చివరి మెట్టు తుడిచి, ఆయమ్మ గుడ్డను బకెట్లోకి పిండింది. పగిలిన మడమల్లో ఫినాయిల్ చురుక్కుమంది. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే ఈ కాలేజీ మెట్లు ముందు తొక్కేది ఆమే.

నోటీసు బోర్డు అద్దం వెనక ఆడపిల్లల రక్షణ కమిటీ జాబితా ఉంది. ఆఖరి పేరు ఆమెది. పాఠాలు చెప్పనివాళ్ళలో ఒకరుండాలని నిబంధన. ఆమైతే నోరెత్తదని వేశారు. ఆ కమిటీ ఒక్కనాడూ కూర్చోలేదు. నెలకోసారి గుమాస్తా పుస్తకం తెచ్చి, “మెంబరుగారూ, ఇక్కడో సంతకం పడేయండి” అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి పెట్టేది. పైన “ఫిర్యాదులు లేవు” అని ఉండేది. ఐదో తరగతి చదివింది, చదవగలదు. బాత్రూముల్లో ఏడ్చే పిల్లలకు నీళ్ళందించి వచ్చి ఎన్నిసార్లు ఆ సంతకం పెట్టిందో.

పోయిన వారం ఒక పిల్ల ఆ జాబితా చూసి స్టోరుగదికి వచ్చింది. ల్యాబు సారు తలుపు వేసి చెయ్యి పట్టి లాగాడని చెప్పింది.

“నాకెందుకు చెప్తావు తల్లీ? ఊడ్చేదాన్ని.”

“మిగతావాళ్ళంతా ఆయనతో కూర్చుని టీ తాగుతారమ్మా.”

ఆయమ్మ గుమాస్తాకు చెప్పింది. గుమాస్తా ప్రిన్సిపాల్‌కు చెప్పాడు. ప్రిన్సిపాల్ పిల్ల తండ్రికి ఫోను చేశాడు.

ఇవాళ పదింటికి ఆ తండ్రి పిల్ల హాస్టలు పెట్టె మోసుకుని గేటు దాటాడు. వెనకే పిల్ల, తలెత్తకుండా. చీపురుతో నిలబడ్డ ఆయమ్మను దాటుకుని పోయింది.

మధ్యాహ్నం గుమాస్తా పుస్తకం తెరిచాడు.

“రాసింది తప్పు సారూ. ఒకటుందిగా.”

“ఆ పిల్లే వెళ్ళిపోయింది, ఇంక ఫిర్యాదెక్కడిది? కానివ్వండి మెంబరుగారూ.”

“నేను చెప్తా, రాయండి. తర్వాత పెడతా.”

అతని నవ్వు పోయింది. “నీ పని తుడవడం. తీర్పులు చెప్పడం కాదు.”

“మెంబరునని మీరేగా అంటా వచ్చింది?”

ఆమె పెన్ను అందుకుంది. “ఫిర్యాదులు లేవు” కింద, ఐదో తరగతి అక్షరాలతో, “ఒకటి ఉంది. ల్యాబు సారు మీద” అని ఒత్తి రాసి, సంతకం పెట్టింది.

రేపట్నుంచి రావద్దన్న మాట నాలుగింటికి వచ్చింది. ఆయమ్మ రోజూలాగే గదులన్నిటికీ తాళాలు వేసి, గుత్తి గుమాస్తా బల్ల మీద పెట్టి, గేటు దాటి వెళ్ళిపోయింది.

తాళం పడిన ల్యాబులో, తలుపు పక్క మేకుకు, ఆ పిల్ల తెల్లకోటు వేలాడుతోంది. ఎడమ భుజం దగ్గర కుట్టు బెత్తెడు మేర తెగి ఉంది.