నవ్వని ఫొటోల గోడ

తొమ్మిది నెలలుగా తక్ యున్సే కుడి కన్ను నిద్రలో కూడా మూతపడలేదు. దవడ సరిచేస్తామని ఎముక కోసినప్పుడు ముఖనరం దెబ్బతిన్నది. ముఖంలో కుడి సగం కదలడం మానేసింది. ఏ నరం ఎక్కడ దెబ్బతిన్నదో కోసినవాడు రాసివ్వనిదే కత్తి పట్టనన్నాడు నరాల వైద్యుడు. ఏడాది దాటితే పట్టినా ఫలితం లేదన్నాడు. ఆ ఒక్క వాక్యం కోసమే యున్సే సియోల్‌లోని ఆ దవడల ఆసుపత్రి మెట్లు మళ్లీ ఎక్కింది.

ఆనాడు దవడ కోసిన డాక్టర్ బాంగ్ ఆమె ముఖం చూడలేదు. తెర మీది ఆమె ఎముకను చూసి మురిసిపోయాడు.

"గీత గీసినట్టుందమ్మా దవడ! నరమంటారా, కాస్త అలసింది. దానంతటదే లేస్తుంది."

"తొమ్మిది నెలలుగా పడుకునే ఉందండీ. దెబ్బతిన్నదని రాసివ్వండి."

నవ్వడమే కొలువుగా గల మేనేజరు ప్యో అందుకుంది. "ఆ రాతలెందుకు మేడమ్? ఎడమవైపు చిన్న సూది వేస్తాం, ఉచితంగా. ఆ వైపూ కదలదు. రెండు వైపులూ సమానం! బయట ఎవరికీ చెప్పనని ఇక్కడో సంతకం పెట్టండి, చాలు."

"ఒక కాలు విరగ్గొట్టి, కుంటు కనపడకుండా రెండోదీ విరగ్గొడతారా?"

యున్సే లేచి, వచ్చినవాళ్లు వేచి ఉండే గదిలోకి వెళ్లి కూర్చుంది. అక్కడి గోడ నిండా దవడలు బాగుపడ్డవారి ఫొటోలు. ఒక్కరూ నవ్వరు. "నవ్వకండి, గీత చెడుతుంది" అని ఆనాడు ఆమెను ఫొటోకు నిలబెట్టినది ప్యోనే.

పక్కనున్న అమ్మాయి టోపీ కిందినుంచి చూసింది. "అక్కా, నువ్వూ చేయించుకున్నావా?"

"నాలుగో వరుసలో మూడో ముఖం నాదే."

యున్సే మాస్కు తీసి నవ్వింది. ఎడమ సగం నవ్వింది. కుడి సగం ఫొటోలో ఉన్నట్టే ఉండిపోయింది. తరువాత బార్లీ టీ తాగింది. కుడి మూల నుంచి కారిన చుక్కలను తుడుచుకోలేదు.

అమ్మాయి గోడను చూసింది, ఆమెను చూసింది. "మా అమ్మకో ఫోన్ చేసొస్తా" అంటూ బ్యాగుతో సహా వెళ్లిపోయింది. వెనకే మరో ఇద్దరు లేచారు.

తొమ్మిది నెలల్లో దొరకని వాక్యం పది నిమిషాల్లో ముద్ర వేసుకుని వచ్చింది. తెచ్చిన ప్యో ముఖాన నవ్వు లేదు. "రాసిచ్చారుగా, ఇక మాస్కు పెట్టుకోండి మేడమ్!"

యున్సే నింపాదిగా చదివి, కాగితం తిరిగి ఇచ్చింది.

"'అలసినది' అని రాశారు. 'దెబ్బతిన్నది' అని రాయించుకు రండి. తొందరేం లేదు, నేనిక్కడే నవ్వుతూ కూర్చుంటాను."