మూడో బొమ్మ

"పప్పు మాడింది హిమజా! గింత వాసనొస్తుంటే నీకు తెలుస్తలేదా?" లక్ష్మీనర్సమ్మ హాల్లోంచే కేకేసింది.

"ఫోన్ల ఉన్న అత్తమ్మా."

"నా కొడుకుతోనేనాయె. పొద్దుగాల పోయినోనితోని అప్పుడే గంతగానం ముచ్చట్లేంది?"

"పని గురించి అడిగిండు."

అత్త నమ్మలేదు. మాడిన పప్పు పారబోయాలని కోడలు, అడుగు వదిలేసి పైపైన తీస్తే చాలని అత్త కాసేపు వాదించుకున్నారు.

ఆమె భర్త నరేందర్ ఫోన్లో నిజంగా పని గురించే అడిగాడు. ల్యాబ్‌లో వెలుగునిచ్చే సూక్ష్మ కణాల మీద గాజులాంటి పొర వేస్తుంటే అవి గడ్డ కడుతున్నాయట.

"ద్రావణం ఒక్కసారే పోసిన్రా?"

"పోసిన."

"గట్ల పోస్తే అతుక్కుంటయ్. బొట్టు బొట్టుగా ఆరు గంటలు పొయ్యాలె. దాని పక్కకెల్లి లేవొద్దు."

మూడేళ్ల కిందటి దాకా ఆ కణాల మీద పరిశోధన హిమజది. ఎలుక ఒంట్లోకి ఎక్కిస్తే కణితి ఎక్కడుందో అక్కడ చేరి వెలుగుతాయి. పొర సరిగా పడకపోతే లోపలి లోహమే విషమవుతుంది. అవి మొదటిసారి వెలిగినప్పుడు ఆమె చీకటి గదిలోకి ముందు పిలిచింది తనతో ల్యాబ్‌లో పనిచేసే నరేందర్‌నే. "నీ చేతిల ఏమున్నదో గని," అన్నాడతను. ఆ మాటకే పెళ్లికి ఒప్పుకుంది. పెళ్లైన ఏడాదికి అత్త తుంటి విరిగింది. "ఆర్నెల్లు ఇంట్ల ఉండు, నీ పని నేను సూసుకుంట," అన్నాడు. చూసుకున్నాడు. ఆర్నెల్లు మూడేళ్లయ్యాయి.

పప్పు మాడిన ఏడు నెలలకు, 2009 ఆగస్టులో, అతను హబ్సిగూడలో కలాకండ్ కొనుక్కుని వచ్చాడు. ఆ కణాల మీద రాసిన పరిశోధన పేపర్‌ని పత్రికవాళ్లు ఒప్పుకున్నారట, వచ్చే నెలలో అచ్చవుతుందట. హిమజ కాగితాలు పొయ్యి పక్కనే నిలబడి చదివింది. ముందు నరేందర్ పేరు, తర్వాత ఒక విద్యార్థిది, చివర ల్యాబ్ నడిపే అరుణకుమారి మేడంది. మూడో బొమ్మలో ఎలుక వీపు మీద ఆకుపచ్చ చుక్క. ఆ బొమ్మ తీసిన రోజు ఆమె మధ్యాహ్నం తిండి మరిచిపోయింది.

అన్నం వడ్డిస్తూ అడిగింది. "మూడో బొమ్మ నేను తీసిందే గద?"

"కాదన్ననా? ఆఖర్ల సూడు, నీకు థ్యాంక్స్ చెప్పిన."

చూసింది. ఓపికగా సహకరించిన భార్యకు కృతజ్ఞతలు. భార్యకు పేరు లేదు.

"పేరు పెడ్తే ఏడ పనిచేస్తున్నదో గూడ రాయాలె హిమజా. ఏమని రాయాలె? నాచారంల వంటింట్ల అనా?"

అత్త నవ్వింది. అతనూ నవ్వాడు, ప్రేమగానే. ఆ ప్రేమే ఆమెను ఎక్కువ నొప్పించింది. దొంగతనం చేశానని అతనికి తెలిసుంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

గిన్నె కింద పెట్టింది.

"రేపు మేడం దగ్గరికి పోతున్న. నా నోటుబుక్కులు ల్యాబు బీరువల తేదీలతోని ఉన్నయ్. మూడో బొమ్మ నాదని పత్రికోళ్లకు రాస్త. ఎల్లుండి సంది పనిల గూడ చేరుత."

"రేపు నన్ను ఉప్పల్ దవాఖానకు ఎవరు తీస్కపోతరే?" అంది అత్త.

"మీ కొడుకు తీస్కపోతడు అత్తమ్మా."

నరేందర్ ముద్ద కంచంలో వదిలేశాడు. "రాస్తే అచ్చు ఆపేస్తరు. మన పేపర్ హిమజా!"

మన. మూడేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

"ఆగనియ్యిండ్రి," అంది హిమజ.