మీ వయసు పిల్ల

పెళ్లైన కొత్తలో ప్రతిదానికీ నవ్వొస్తుంది. ఆ ఉదయం గద్వాల నుంచి ధరూర్ వైపు బండి మీద వెళ్తుంటే, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ శ్రవణ్ "జర పట్టుకో" అనేవాడు. స్పీడ్ బ్రేకర్ లేని చోట కూడా అన్నాడు. నేను పట్టుకున్నాను. వేరుశనగ చేలల్లో మంచు ఇంకా ఆరలేదు.

వెళ్తున్నది ఫోటో కోసం. వనపర్తి నుంచి వచ్చే 'పాటల గల్లీ' అనే మాసపత్రికలో, డిగ్రీ చదివే రోజుల నుంచి నాకొక పేజీ ఉంది. పేరు 'మీ వయసు పిల్ల'. కొత్తగా వచ్చిన డీజే పాటలు, ప్రేమ పాటలు విని, ఏది ఎందుకు బాగుందో మా ఈడు వాళ్లకు చెప్పడం నా పని. పైన నా ఫోటో ఉంటుంది. ఒకసారి అయిజ బస్టాండులో ఎవరో అబ్బాయి "మీరు పాటల గల్లీ అక్క గదా" అన్నాడు. ఆ రోజు ఇంటికి ఎలా చేరానో నాకు గుర్తులేదు. ఈ నెల యువత ప్రత్యేక సంచిక. ముఖచిత్రం మీద నువ్వే అని సంపాదకుడు భాస్కర్ సారు పెళ్లికి ముందే మాటిచ్చారు.

మేం వెళ్లేసరికి కృష్ణ ఒడ్డున సారు, ఫోటోగ్రాఫర్ సాంసన్ అన్న సిద్ధంగా ఉన్నారు. లోపలి పేజీల్లో ఫోటో కోసమని పిలిపించిన సుప్రియ కూడా ఉంది. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది, పత్రిక ఫోటోలకు వచ్చినప్పుడల్లా కలుస్తుంటాం. నన్ను చూడగానే చెయ్యి ఊపింది.

"బావను బాగనే ఎంట తెచ్చుకున్నవ్ అక్కా. బావా, అక్క పాటలింటుంటే పిలిస్తే పలకదు, ఎరికేనా?"

"ఎరికే. అన్నం పెట్టమంటే తల ఊపుతుండె మొన్న" అన్నాడు శ్రవణ్.

సారు నవ్వలేదు. నా మెడ వైపు చూస్తున్నారు.

మాకు పదహారు రోజుల పండుగ ఇంకా కాలేదు. అప్పటిదాకా పుస్తెలు పసుపుతాడుకే ఉంటాయి. లావుపాటి పచ్చ తాడు, ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. అది మెడకు గీరుకున్నప్పుడల్లా పెళ్లైందని కొత్తగా గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకునేదాన్ని.

"గిట్ల వస్తే ఎట్లమ్మా సింధూజా?" అన్నారు సారు. "హెడ్‌ఫోన్ల కంపెనీ ఆయన వెనక పేజీకి యాడ్ ఇస్తుండు. కాలేజీ పిల్లలు, ఫ్రీగా తిరిగేటోళ్లు, గాళ్లే మన పాఠకులని చెప్పిన. కవర్ మీద కొత్త పెండ్లికూతురుంటే ఏమంటడు?"

"నాకు ఇరవై మూడే గద సార్."

"వయసు సంగతి ఎవరన్నరు?"

తాడు కుర్తా లోపలికి దోపుకున్నాను. మట్టెలు కనబడకుండా సుప్రియ బూట్లు తొడుక్కున్నాను. గాజులు తీసి శ్రవణ్ చేతికిచ్చాను. అతను వాటిని జేబులో వేసుకున్నాడు. సాంసన్ అన్న నాలుగు ఫోటోలు తీసి తల అడ్డంగా ఊపాడు.

"మెడ పొంటి పచ్చగ గీత కనవడుతుంది సార్. కంప్యూటర్ల తుడుస్త."

"పోయినసారి తుడిస్తే ఆ పిల్లకు సగం మెడనే లేకపాయె. వద్దు." సారు నా వైపు తిరిగారు. "తీసి బ్యాగుల పెట్టుకో. రెండు నిమిషాలు. మళ్ల ఏసుకో."

సారు చేతి గడియారం చూసుకున్నారు.

"లేకుంటే కవర్ సుప్రియది. పేజీ కూడ ఆ పిల్లదే. ప్రతి నెల నీ ఫోటోతోని గిదే పంచాయితి నాకొద్దు. పెండ్లయినోళ్లకు వేరే పత్రికలున్నయి, వంటలు, ముగ్గులు."

నేను శ్రవణ్ వైపు చూశాను. వద్దంటే బాగుండు, తియ్యమన్నా బాగుండు. ఏదో ఒకటి అంటే ఆ మాట వెనక నేను దాక్కోవచ్చు.

"నన్నెందుకు చూస్తవ్? పేజీ నీది, మెడ నీది" అన్నాడు. ముఖంలో ఏమీ లేదు. కోపమో కాదో తెలుసుకునేంత కాలం మేమింకా కలిసి బతకలేదు.

చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. ముడి చెమటకు తడిసి గట్టిపడింది. గోరు దాని సందులోకి దూరింది. ఆ పేజీ పోతే నేనెవరిని? రోజంతా చెవిలో పాట పెట్టుకుని వంటింట్లో తిరిగే మనిషిని. ముడి కొంచెం కదిలింది.

చెయ్యి కిందికి దించాను.

"నేను తియ్య సార్."

"ఆలోచించుకో."

"ఆలోచించిన. నా ఎంబడి చదివినోళ్లల్ల సగం మందికి పెండ్లిళ్లయినయి. వాళ్లు పాటలు బంద్ చేసిన్రా? ఇది దాసి నిలబడితే వాళ్లకు అబద్ధం చెప్పినట్టు."

"ఉపన్యాసం వద్దు. సుప్రియా, రా."

సుప్రియ నా వైపు ఒకసారి చూసి, ఫోటో కోసం సారు తెచ్చిన హెడ్‌ఫోన్లు తీసుకుంది. పెట్టుకోగానే ముఖం వెలిగిపోయింది. దాచుకోలేకపోయింది పాపం, దాచుకోవాల్సిన పని కూడా లేదు. సాంసన్ అన్న క్లిక్ క్లిక్‌మనిపిస్తుంటే నేను పక్కన నిలబడ్డాను. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేను.

"సార్, కవర్ మీ ఇష్టం. పేజీ నాకే ఉంచుండ్రి. ఫోటో లేకున్నా పర్వాలేదు."

"పెండ్లయిన పిల్ల రాసింది ఎవడు చదువుతడమ్మా?"

"నేను చదువుత సార్" అంది సుప్రియ. హెడ్‌ఫోన్లలో పాటేమీ లేదు, అన్నీ విన్నది. "అక్క రాస్తెనే నేను పాటలు ఏరుకుంట. పెండ్లయితే చెవులు పోతయా ఏంది? నాకిచ్చినా నేను రాయ, నాకు రాయరాదు. ఫోటో అయితే ఎన్నన్న దిగుత."

సాంసన్ అన్న కెమెరా వెనక నుంచే నవ్వాడు. సారు సుప్రియను, నన్ను మార్చి మార్చి చూశారు.

"పేజీ రాసి ఎప్పుడిస్తవ్?"

"రేపు పొద్దుగాల్ల."

"ఫోటో ఉండదు. 'మీ వయసు పిల్ల' అని కూడ ఉండదు."

"మరేముంటది సార్?"

"నీ పేరు. గంతే."

గంతే చాలు. బూట్లు సుప్రియకిచ్చి ఇసుకలో వట్టి కాళ్లతో బండి దగ్గరికి నడిచాను. శ్రవణ్ గాజులు తీసి ఒక్కొక్కటే తొడిగాడు. అతని వేళ్లు చల్లగా ఉన్నాయి.

"కోపమొచ్చిందా?" అన్నాను.

"నువ్వు ముడి మీద చెయ్యి పెట్టంగనే జేబుల గాజులు గట్టిగ పట్టుకున్న."

"వద్దని అనొచ్చు గద మీరు!"

"ఇయ్యాల నేను వద్దంటే, రేపటి నుంచి ఏ పాట గురించి రాయాల్నో కూడ నన్నే అడగవడ్తవు."

బండి కదిలింది. ఈ నెల మొదట ఏ పాట రాస్తున్నావని అడిగాడు. చెప్పాను.

"గా పాటనా? డప్పు తప్ప దాంట్ల ఏముంది?"

"నీకేం తెల్సు?" అన్నాను. అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. అతను బండి అద్దంలో నన్ను చూసి నవ్వాడు. తర్వాత గద్వాల వచ్చేదాకా ఆ పాట మీద కొట్లాడుకున్నాం.