పది నలభై బస్సు

మా మేనత్త ఒక నాలుగు పేజీల వారపత్రికను ముప్పై ఒక్క ఏళ్లుగా నడుపుతోంది. సంపాదకురాలు తనే, విలేకరి తనే, ప్రూఫులు దిద్దేదీ తనే. ఆఫీసు అంటే రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు. వెనక గదిలో చూరుదాకా పాత సంచికల కట్టలు. పత్రికలో ఒక్క అచ్చుతప్పు దొర్లినా ఆ పూట ఆమెకు ముద్ద దిగదు.

నేను వెబ్‌సైట్లు తయారుచేసే పని నేర్చుకున్నదాన్ని. చందాదారులు నాలుగు వందలకు పడిపోయాక, "ఏదో ఇంటర్నెట్టు ఇంటర్నెట్టు అంటుంటావు కదా, వచ్చి ఏం చేస్తావో చెయ్యి" అని అత్తే పిలిచింది. పిలిచిన నోటితోనే షరతు కూడా పెట్టింది.

"నాకు అర్థం కానిదేదీ నా పత్రికలో ఉండకూడదు. అర్థమయ్యేదాకా చెప్పే ఓపిక ఉంటేనే రా."

ఓపికకేం, బోలెడుంది. లేనిదల్లా అనుభవం.

మొదటి ప్రయత్నంగా పత్రికను ఉన్నదున్నట్టు సైట్లో పెట్టాను. వారంలో పదకొండు సార్లు చూశారని తేలింది. అత్త సంబరపడిపోయింది. అందులో తొమ్మిది సార్లు చూసింది తనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత అభిప్రాయ సేకరణ. "మన వీధుల్లో ముందుగా బాగుపడాల్సింది ఏది?" అని అడిగి రోడ్లు, నీళ్లు, దీపాలు, ఇతరాలు అని నాలుగు గడులు పెట్టాను. నలభై మంది 'ఇతరాలు' నొక్కారు. ఆ ఇతరాలేమిటో రాయమన్న చోట సగానికి సగం మంది ఒకటే రాశారు: మీ పేపర్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ముందు వాటి సంగతి చూడండి.

అక్షరాలు కనబడకపోతే వినిపిద్దాం అనుకున్నాను. వార్తను పైకి చదివే ఉచిత సాధనం ఒకటి దొరికితే తగిలించాను. "కీ.శే. పోస్ట్‌మాస్టర్ గారి జ్ఞాపకార్థం గ్రంథాలయానికి కుర్చీలు" అన్న వార్తను అది "కీ... షే... పోస్ట్‌మాస్టర్ గారి" అంటూ గొంతెత్తి చదివింది. మర్నాడు పొద్దున్నే పక్కింటి లెక్కల మాస్టారు మా గుమ్మంలో నిలబడి, "ఆయనా నేనూ ఇరవై ఏళ్ల స్నేహితులం కదమ్మా, ఆయన ఇంటిపేరు అది కాదే!" అన్నారు. అత్త నా వైపు ఒక చూపు చూసింది. మాస్టారు మెట్లు దిగేలోగా ఆ సాధనాన్ని పీకేశాను.

నాలుగోది నా బుర్రలో పుట్టింది కాదు. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో వార్తలు అడిగేవాళ్లు తక్కువ. "మూడో నంబరు బస్సు వెళ్లిపోయిందా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. బస్టాపు మాకు ఒక వీధి అవతల, గ్రంథాలయం ఎదుట ఉంది. పక్క వీధిలో ఉన్నందుకే ఇన్నిసార్లు అడుగుతుంటే, ఆ సంగతి సైటే చెబితే పోలేదా అనిపించింది. ఒక పటం పెట్టాను. బస్సు కనబడ్డవాళ్లు పటం మీద ఆ చోట వేలితో నొక్కితే సమయం దానంతటదే నమోదవుతుంది. ఇష్టమైతే పక్కన ఒక్క ముక్క రాయవచ్చు.

రెండు రోజులు అందరూ ఉత్సాహంగా నొక్కారు. మూడో రోజు ఎవరో బస్సును నది మధ్యలో నిలబెట్టారు. ఇంకెవరో ఆస్పత్రి డాబా మీదికి ఎక్కించారు. వారం తిరిగేసరికి అందరూ మానేశారు, ఒక్కరు తప్ప. గ్రంథాలయం స్టాపు దగ్గర మాత్రం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా, బస్సు వచ్చిన ప్రతిసారీ, చుక్క పడుతూనే ఉంది. పక్కన ఒక ముక్క కూడా ఉంటోంది.

"ఏడూ యాభై బస్సొచ్చింది. పద్నాలుగు మంది ఎక్కారు. అందులో ఒకాయన చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. బస్సులో ఎవరైనా చెప్పండి."

"తొమ్మిదీ అయిదు బస్సు. అంతా బడి పిల్లలే. యూనిఫారాలు పొట్టయిపోయాయి. అమ్మలూ, కొత్తవి కొనక్కర్లేదు, మడత విప్పిస్తే ఈ ఏడాది గడిచిపోతుంది."

"ఒంటిగంట బస్సు. కిటికీలోంచి గొడుగు జారిపడింది. నీలం రంగు, ఒక ఊచ వంకర. నా దగ్గరుంది."

ఎవరో మా వీధుల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. స్టాపుకు ఎదురుగా కుట్టుమిషను కిటికీ పక్కనే వేసుకుని కూర్చునే టైలరమ్మ. అరవై దాటిన మనిషి. పక్కన ఆమె భర్త కాజాలు కుడుతూ ఉంటాడు. మాట్లాడే పనంతా ఆమెది, వినే పనంతా ఆయనది.

గొడుగు మనిషి మర్నాడే వచ్చి గొడుగు తీసుకెళ్లాడు. ఆ సంగతి కూడా ఆమె రాసింది. నెల తిరిగేసరికి మా సైటును రోజూ ఆరు వందల మంది చూస్తున్నారు. బస్సు ఎక్కనివాళ్లు కూడా చూస్తున్నారు.

అత్తకు మాత్రం ఇది మింగుడు పడలేదు. "పొట్టయిపోయాయి ఏంటే? అది వార్తా?" అని గొణిగేది. ఒక రోజు నేను లేని సమయం చూసి, నేను నేర్పిన విద్యనే వాడి, టైలరమ్మ రాసినవన్నీ దిద్దేసింది. గుండీలాయన మాయమయ్యాడు. ఆ స్థానంలో, "ఉదయం ఏడు గంటల యాభై నిమిషములకు బస్సు విచ్చేసినది. ప్రయాణికుల సంఖ్య: పద్నాలుగు" అని కూర్చుంది.

ఆ మర్నాడు చుక్క పడలేదు. ఆ పై రోజూ పడలేదు. ఫోన్లు మొదలయ్యాయి. "టైలరమ్మకి ఒంట్లో బాగుందా?" అని ఒకరు, "మీరేమైనా అన్నారా?" అని ఒకరు. ఏడో ఫోనుకు అత్త లేచి, అస్తరు చిరిగిన పాత కోటు ఒకటి భుజాన వేసుకుని, నన్ను వెంట రమ్మంది.

టైలరమ్మ కోటు తీసుకుని తిరగేసి చూసింది. మా మొహాలు చూడలేదు.

"అస్తరు మార్చాలి. బుధవారం ఇస్తాను."

"కోటు కోసం రాలేదమ్మా" అంది అత్త.

"తెలుసు. మూడేళ్లుగా చిరిగే ఉంది ఇది. బస్సు ఎక్కినప్పుడల్లా చూస్తున్నా."

అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ రాతలో తప్పులున్నాయి, దిద్దాను. ముప్పై ఏళ్లుగా నా పని అదే."

"తప్పులు దిద్దండి, కాదన్నానా? మాటలే మార్చేశారు. నా కొలతలు తీసుకుని మీ సైజుకి జాకెట్టు కుడితే నేను వేసుకోగలనా? విచ్చేసినది అంట! ఆ బస్సేమన్నా పెళ్లికొడుకా?"

కాజాలు కుడుతున్న భర్త దగ్గుతున్నట్టు నవ్వాడు. అత్త పెదవులు బిగించుకుంది కానీ ఎంతోసేపు నిలవలేదు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికి వచ్చేసింది. ముగ్గురూ అలా నవ్వుతుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి కిటికీలోంచి చూశారు.

"సరే, ఇకమీద నీ మాట జోలికి రాను" అంది అత్త కళ్లు తుడుచుకుంటూ. "ఒత్తులు మాత్రం దిద్దుతాను. అవి చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు."

"ఒత్తులు మీ ఇష్టం" అంది టైలరమ్మ. అప్పుడే వచ్చిన బస్సును చూసి ఫోను అందుకుంది.

రెండు నెలలు గడిచాక, నమోదైన సమయాలన్నిటినీ ఒక్కచోట పోసి చూద్దామని ఉచితంగా దొరికే గ్రాఫు సాధనంలో వేశాను. స్టాపులోని వేళల బోర్డు ప్రకారం ఒక్కో బస్సుకు ఒక్కో నిలువు గీత రావాలి. ఎన్ని రోజులు వస్తే అంత పొడుగు గీత. మిగతావన్నీ నిటారుగా నిలబడ్డాయి. పది నలభై దగ్గర మాత్రం ఏమీ లేదు. నున్నగా ఖాళీ. సాధనం పాడైందనుకుని మళ్లీ వేశాను. మళ్లీ ఖాళీ. టైలరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"టైలరమ్మగారూ, పదీ నలభైకి మీరు టీకి వెళ్తారా?"

"టీ ఇక్కడికే వస్తుంది. నేనెక్కడికీ వెళ్లను."

"మరి పదీ నలభై బస్సు ఒక్కసారి కూడా నొక్కలేదేంటి?"

"వస్తే కదమ్మా నొక్కడానికి! బోర్డు మీద ఉంది, నిజమే. కొత్తవాళ్లు అది చూసి నిలబడతారు. పాతవాళ్లు వాళ్లని చూసి జాలిపడతారు. ఎవరూ అడగలేదని నేను చెప్పలేదు."

ఆ బస్సే ఆస్పత్రికి పదకొండు లోపు చేర్చాల్సింది. అది లేక జనం తొమ్మిదీ యాభై బస్సుకే వెళ్లి, డాక్టరు వచ్చేదాకా వరండాలో గంటసేపు పడిగాపులు కాస్తున్నారు. ఎన్నాళ్లనుంచో అదే అలవాటైపోయింది.

ఆ పూటే సైట్లో పెట్టేద్దామన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది.

"ఆమె అలిగిన రెండు రోజులు ఎవరు చూశారు? అవి లెక్కలోంచి తీసెయ్. తీసేశామని కూడా రాయి. ఇంకా, ఒక్క మనిషి మాట మీద ఎంత నమ్మకమున్నా మనం కూడా కళ్లారా చూడాలి."

వారం రోజులు అత్త నోటుబుక్కు పట్టుకుని టైలరమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. పదిన్నర నుంచి పదకొండు దాకా. బస్సు రాలేదు. వాళ్లిద్దరికీ మాత్రం స్నేహం బాగా ముదిరింది.

ఎనిమిదో రోజు బస్సు డిపోకు వెళ్లాం. మేనేజరు మర్యాదస్థుడు. కుర్చీలు వేయించి, గోడ మీది చార్టు చూపించాడు.

"నడుస్తోందండీ. ఇదిగో, మూడో నంబరు, పదీ నలభై."

"చార్టులో నడుస్తోంది బాబూ" అంది అత్త. "రోడ్డు మీద నడవట్లేదు." నేను గ్రాఫు ఉన్న ఫోను ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. డ్యూటీలు వేసే గుమస్తాలిద్దర్నీ పిలిపించాడు.

"పదీ నలభై ఎవరిది?"

"రెండో షిఫ్టుది కదండీ" అన్నాడు మొదటి షిఫ్టు గుమస్తా.

"అదేంటి, మొదటి షిఫ్టుది కదా!" అన్నాడు రెండో షిఫ్టాయన.

మేనేజరు ఇద్దరి డ్యూటీ పుస్తకాలూ తెప్పించి తిరగేశాడు. రెండేళ్ల కిందట షిఫ్టుల వేళలు మార్చినప్పుడు ఆ బస్సు మధ్యలో జారిపోయింది. ఇతను అతనిదనుకున్నాడు, అతను ఇతనిదనుకున్నాడు. బస్సు మాత్రం రెండేళ్లుగా ఆ వేళకు షెడ్డులో నీడపట్టున హాయిగా ఉంది. మేనేజరు తల పట్టుకున్నాడు. తర్వాత ఆయనకే నవ్వు ఆగలేదు.

"సోమవారం నుంచి నడిపిస్తానమ్మా. ఇక ఇది రాయకండి."

"రాస్తాను" అంది అత్త. "సోమవారం నుంచి నడిపిస్తారని కూడా రాస్తాను."

ఆ సాయంత్రం "పది నలభై బస్సును మీరెప్పుడైనా చూశారా?" అన్న శీర్షికతో ఖాళీ గడి ఉన్న గ్రాఫు పెట్టాం. రెండు వందల మంది తమ అనుభవాలు రాశారు. ఒక నర్సు, రోగులు అంత పెందలాడే ఎందుకొస్తారో ఇన్నాళ్లకు అర్థమైందని రాసింది. ఒకాయన ఆ బస్సును తాను స్వయంగా చూశానని వాదించాడు. విచారిస్తే ఆయన చూసింది విహారయాత్రకు వెళ్తున్న వేరే బస్సు.

సోమవారం పదింటికే గ్రంథాలయం ముందు జనం చేరారు. లెక్కల మాస్టారు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. గ్రంథాలయంలోని కొత్త కుర్చీలు నాలుగు పేవ్‌మెంటు మీదికి వచ్చాయి. నేను ఫోను కర్రకు బిగించి ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాను. అత్త పక్కన నిలబడి జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్టే సైట్లో రాస్తోంది. ఆమె అలా రాయడం అదే మొదటిసారి.

పదీ ముప్పై ఎనిమిది. పదీ నలభై. రోడ్డు ఖాళీ.

"వస్తుందంటావా?" అంది అత్త చిన్న గొంతుతో. ముప్పై ఒక్క ఏళ్ల సంపాదకురాలు పరీక్ష ఫలితాల కోసం చూసే అమ్మాయిలా కనిపించింది.

పదీ నలభై నాలుగుకు మలుపులో ఎర్రటి ముక్కు కనబడింది. ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. టైలరమ్మ ఒక గిరాకీకి కోటు సరిచూస్తున్నదల్లా మెడలో టేపుతోనే బయటికి వచ్చేసింది. వెనకాలే ఆ గిరాకీ కూడా, ఒక చెయ్యి ఉండి ఒక చెయ్యి లేని కోటులో, గుండుసూదులతో సహా పరుగెత్తుకొచ్చాడు. అంతమందిని చూసిన డ్రైవరు, ఏదో ప్రమాదం జరిగిందనుకుని కంగారుగా తల బయటపెట్టాడు.

"ఏమైందండీ?"

"నువ్వు వచ్చావయ్యా!" అన్నారు మాస్టారు.

ఆస్పత్రికి వెళ్లాల్సినవాళ్లు ముందు ఎక్కారు. ఆ తర్వాత ఏ పనీ లేనివాళ్లు కూడా ఎక్కారు. ఖాళీ సీట్లతో దాన్ని పంపడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు. ఒంటిచెయ్యి కోటాయన, "ఎలాగూ వచ్చాం కదా" అంటూ ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. టైలరమ్మ మాత్రం మిషను వదిలి రానంది. చుక్క నొక్కి, వెంటనే ఒక ముక్క రాసింది: "పదీ నలభై బస్సొచ్చింది. నాలుగు నిమిషాలు ఆలస్యం. మొదటి రోజు కాబట్టి ఊరుకుంటున్నాం. గుండుసూదుల కోటు ఎక్కింది, పక్కన కూర్చునేవాళ్లు జాగ్రత్త."

అత్తా నేనూ చివరి స్టాపు దాకా వెళ్లాం. అక్కడ దిగేసరికి టీ కొట్టు నడిపే ఆవిడ స్టవ్వు తగ్గించి బయటికి వచ్చింది. ఈ వేళకు బస్సేంటని అడిగింది. అత్త జరిగిందంతా మొదటి నుంచి చెప్పి, ఆమె ఫోను అడిగి తీసుకుని, పటం తెరిచి, ఎక్కడ నొక్కాలో చూపించింది.

"నాకు సరిగ్గా రాయడం రాదండీ" అందావిడ.

"మాట్లాడ్డం వచ్చు కదా, అలాగే రాయి" అంది అత్త. "టీ రెండు ఇవ్వమ్మా, ఇంకో బస్సు వచ్చేదాకా ఇక్కడే ఉంటాం."