మూడో అక్షరం

పదకొండింటికి ఆపరేషన్. పది ఇరవై అయినా మా సర్జరీ విభాగం పెద్ద సతార్ బైకేతో, అంటే సతార్ అన్నతో, నా గొడవ తెగలేదు.

రోగి పేరు ఊల్కాన్. పచ్చిక మైదానాల్లో గుర్రాల పాలు పితుకుతుంది. కుక్కల నుంచి సోకే పురుగు వల్ల ఏర్పడ్డ తిత్తి ఆమె కాలేయంలో చిన్న పుచ్చకాయంత పెరిగింది. తిత్తిని ఖాళీ చేసి లోపల ఫార్మలిన్ పోయాలని గోడ మీది ప్రొటోకాల్ చెబుతోంది. తిత్తికీ పిత్తనాళానికీ మధ్య చిల్లు ఉంటే ఆ మందు నాళాలన్నిటినీ మాడ్చేస్తుంది. స్కాన్ చూస్తే నాకు ఆ చిల్లు ఉందనే అనిపిస్తోంది.

"శవాల్ని నిలవుంచే మందు బైకే! బతికున్న మనిషిలో పోస్తారా?"

"కళ్లు పెట్టి చూడు షాయిర్గుల్. పక్కన 'బి' గ్రేడు అని ఉంది. అంటే మంచి పరిశోధనే ఉందన్నమాట. నీ అనుమానానికి ఏ గ్రేడు ఇమ్మంటావ్?"

"ఆ పరిశోధన చదివారా?"

"రాజధానిలో వాళ్లు చదివే ఉంటారులే."

ఒళ్లు మండింది. ఆ ప్రొటోకాల్‌కు మూలమైన విదేశీ ప్రతిని ఫోన్‌లో వెతికి పట్టుకున్నాను. అదే వాక్యం. పక్కన మాత్రం 'సి'. ఆధారం పదకొండు మంది రోగులు. ఆరు నెలల తర్వాత వాళ్లను చూసినవాళ్లే లేరు.

ప్రొటోకాల్ చివర అనువాదకుడి నంబరు ఉంది. ఫోన్ చేశాను.

"నా తప్పేం లేదమ్మాయ్," అన్నాడు ముసలాయన. "సి అంటే మూడోది. మన అక్షరాల్లో మూడోది ఏది? ఆ, బె, వె. వె వేశాను."

మా సిరిలిక్ లిపిలో 'వె' చూడటానికి అచ్చం ఇంగ్లీషు 'బి'లా ఉంటుంది. బలహీనమైన సలహాకు ఉత్తపుణ్యాన ప్రమోషన్ వచ్చేసింది!

పరుగున వెళ్లి చెప్పాను. సతార్ బైకే నవ్వాడు.

"రాజధానిలో కమిషన్‌కి రాసుకో. ముద్ర పడ్డ కాగితం నేను దిద్దను. తనిఖీలో నా మెడకే చుట్టుకుంటుంది."

"పోసేముందు తెల్లగుడ్డ పెట్టి చూద్దాం. చిల్లుంటే పిత్తరసం అంటుకుంటుంది. వద్దని అందులో లేదుగా?"

ఆయన మూలిగాడు. కాదనలేదు.

తిత్తి ఖాళీ చేశాం. తెల్లగుడ్డ లోపల అద్ది ఆగాను. నర్సు ఫార్మలిన్ గిన్నెతో సిద్ధంగా నిలబడింది. ఒక నిమిషం. తెల్లగానే ఉంది. రెండు.

"చాలా? తనివి తీరిందా?" అన్నాడు.

"ఇంకొక్క నిమిషం."

గుడ్డ అంచున పసుపు మరక. పిత్తరసం. చూస్తుండగానే అరచేయంత పాకింది.

సతార్ బైకే గుడ్డ అందుకుని చూశాడు. తర్వాత నర్సుతో, "ఆ గిన్నె అవతల పెట్టు. ఉప్పునీళ్లు తే," అన్నాడు. చిల్లు నేనే కుట్టాను. సాయంత్రానికి ఊల్కాన్ కళ్లు తెరిచి, "గుర్రాలు ఈనే వేళకి లేస్తానా ఎజే?" అని అక్కను అడిగినట్టు అడిగింది. లేస్తావన్నాను.

ఆపరేషన్ రిజిస్టరు ముందు మళ్లీ గొడవ.

"ప్రొటోకాల్ ప్రకారమే చేశామని రాయి."

"ఎక్కడ చేశాం బైకే?"

జరిగింది జరిగినట్టే రాశాను. ఆయన సంతకం పెట్టలేదు. కమిషన్‌కి ఉత్తరం పంపి, గోడ మీది 'బి'ని ఎర్ర పెన్నుతో కొట్టేసి 'సి' చేశాను.

మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి గోడ మీద కొత్త కాపీ. కొత్త ముద్ర, పాత అక్షరం. ఈసారి పెన్ను పట్టకుండా పైన ప్లాస్టిక్ కవరు కూడా తొడిగారు.