రెండు వాకిళ్ల దుకాణం

మహబూబ్‌నగర్ స్టేషనుకూ బస్టాండుకూ నడుమ పాత గూడ్సు జాగా ఉండేది. సరుకు బండ్లు కొత్త యార్డుకు మారాక రైల్వేవాళ్లు అక్కడి పట్టాలు పీకి తీసుకుపోయారు. పట్టాలు పోయినా పొద్దుటి బండి మానలేదు. సూర్యుడు పొడిచే వేళకు స్టేషను వైపు నుంచి వచ్చేది. కంటికి కనపడదు. ముందు బొగ్గు వాసన, తర్వాత నేల అదురు, ఆ వెనుక జాగా పొడవునా వేడి గాలి. ఆ వేళకు మేకలు లేచి పక్కకు నిలబడేవి. చాయ్ అమ్మే జానయ్య కప్పులు లోపలికి జరుపుకునేవాడు.

చీరలు నేసే సుభద్రమ్మ పడుగు సాగదీసేది అక్కడే. మగ్గం ఎక్కించే ముందు పడుగు నిలువు పోగులను బారుగా కట్టి గంజి పట్టించాలి. తడి ఆరేలోగా కుంచెతో దువ్వుతూ పోగు నుంచి పోగును విడదీయాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. భర్త పోయినప్పటి నుంచి ఒక పక్క ఆమె కుంచె పట్టేది, మిగిలింది బండి చూసుకునేది. పడుగులోంచే దూసుకుపోతూ వేడి గాలితో పోగులను విడివిడిగా ఆరబెట్టేది. ఒక్క పోగు తెగేది కాదు.

"అన్న పోయినంక నీకు బండే దిక్కయింది గద వదినె" అనేవాడు జానయ్య.

"నయమే. నీ లెక్క వాగదు."

1962లో ఆ జాగాలో బజారు కట్టాలని నిర్ణయమైంది. అటు రైలు, ఇటు బస్సు, మధ్యలో ముళ్లపొదలు. బజారు వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. ఓవర్సీరు వెంకటనర్సు వచ్చి సున్నంతో గీతలు పోయించాడు. ఒక దుకాణాల వరుస బండి దారికి అడ్డంగా పడింది.

"సారూ, గీడ గోడ లేపితే పొద్దుటి బండి ఎట్ల పోతది?" అని అడిగింది సుభద్రమ్మ.

"నాకు ఎరుకేనమ్మా. ప్లాను పట్నంల గీసిండ్రు. ఆళ్లు బండిని చూడలే."

"మనం మాత్రం చూసినమా?" అన్నాడు జానయ్య.

దుకాణాలకు ముందువైపు వెడల్పంతా పలకల వాకిళ్లు. వెనుక గోడ. ఆ గోడ నడుమెత్తు లేచిన మర్నాడు బండి వచ్చి, నడిమి దుకాణంలో గోడకు ఎదురుగా ఆగిపోయింది. వెనక్కి పోలేదు. మేస్త్రీ ఐలేశం చెమటలు కక్కుతూ ఓవర్సీరు దగ్గరికి వచ్చాడు.

"సున్నం తడి నిలుస్తలేదు సారూ. ఇంజిను లోపల్నే ఉన్నది."

గోడకు అవతల పడుగు కట్టుకున్న సుభద్రమ్మకు ఆ రోజు గాలి అందలేదు. ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి దువ్వింది. ఆ కొసకు చేరేసరికి ఈ కొస బిగుసుకుపోయింది. మర్నాడూ అంతే. అట్టకట్టిన పడుగును చుట్టి తెచ్చి వెంకటనర్సు ముందు పడేసింది.

"చూడు సారూ, తాడయింది. ఇంకో పడుగు గిట్లనే పోతే మగ్గం అమ్ముకొని బట్టల గిర్నీల కూలికి పోవుడే."

ఆయన పడుగును చేత్తో తడిమి చూశాడు. తర్వాత దుకాణంలోకి పోయి గోడ ముందు గాలిలో చెయ్యి పెట్టాడు. చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు.

"ఐలేశం, ముందర వాకిలి ఎంత వెడల్పున్నదో ఎనుక గూడ గంతే పెట్టు."

"ప్లానుల లేదు గద సారూ."

"వద్దని గూడ లేదు."

గోడ పీకారు. ఆఖరి వరుస ఇటుకలు తీస్తుండగానే నేల అదిరింది. ఇటుక దుమ్మంతా లేచి బస్టాండు వైపు పోయింది.

బజారు పూర్తయింది. సేట్లు వచ్చి ఎవరి దుకాణం వాళ్లు చూసుకున్నారు. నడిమి దాన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు.

"ముందటి నుంచి వచ్చిన లక్ష్మి ఎనుక నుంచి పోతది" అన్నాడు ఒక బట్టల సేటు, గడప కూడా తొక్కకుండా.

వానాకాలం దాకా అది ఖాళీగానే పడి ఉంది. అడిగినవాళ్లకు ఇచ్చేయమని చివరికి ఉత్తర్వు వచ్చింది. అడిగింది సుభద్రమ్మ ఒక్కతే.

ఆమె మగ్గాన్ని ఒక పక్క గోడకు వేసుకుంది. రెండో గోడకు చీరలు వేలాడదీసింది. రైలు దిగినవాళ్లకు బస్టాండుకు దగ్గరి దారి ఆ దుకాణంలోంచే అని ఊరికి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. లక్ష్మి ఒక వాకిట వచ్చి ఇంకో వాకిట పోతూ నడుమ చీర కొనుక్కునేది. బట్టల సేటు తన వెనుక గోడ పగలగొట్టించవచ్చా అని ఐలేశాన్ని రెండుసార్లు అడిగాడు.

మరుసటి ఏడు వెంకటనర్సుకు అచ్చంపేటకు బదిలీ అయింది. మొదటి బస్సు అందుకోవాలని ట్రంకుపెట్టెతో తెల్లవారుతుండగా దుకాణంలోకి వచ్చాడు. పలకలన్నీ తీసి ఉన్నాయి. పడుగు ముందు వాకిట్లోంచి వచ్చి వెనుక వాకిట్లోంచి కూరగాయల అంగడి దాకా సాగి ఉంది.

"ఆగు సారూ. జర గోడకు జరుగు, వస్తాంది."

ఆయన పెట్టె దించి టోపీ పట్టుకున్నాడు. బొగ్గు వాసన వచ్చింది. చీరలన్నీ ఒక్కసారి లేచి మళ్లీ గోడకు ఆనాయి. పడుగు మీద తడి ఒక కొస నుంచి ఇంకో కొసకు ఆరుకుంటూ పోయింది.

"నడుమల ఎప్పుడన్న ఆగుతదా అమ్మా?"

"ఎందుకు ఆగుతది?" సుభద్రమ్మ పోగుల మీద అరచెయ్యి ఆనించి చూసుకుంది. "రెండు వాకిళ్లూ తీసే ఉంచుత. ఇగ నువ్వు పో సారూ, దారి ఇడిసింది."