ఎనిమిది చుక్కల సిగ్గు

నేను ఒక అట్రోపిన్ కంటిచుక్కల సీసాని. బొటనవేలంత ఉంటాను. చూపు పెంచుతానని చెప్పుకుంటే గొప్పగా ఉండేది గానీ, నా పని చూపును మసకబార్చడం. కొందరు పిల్లల్లో బాగున్న కన్నే అంతా చూసేస్తుంటే రెండోది బద్ధకానికి అలవాటు పడుతుంది. ఆ మంచి కంట్లో నేను పడితే, గత్యంతరం లేక బద్ధకపు కన్ను పని నేర్చుకుంటుంది.

ఫ్యాక్టరీలో నన్ను నింపి, ఒంటినిండా చీమల్లాంటి అక్షరాలు అంటించారు. వాటిని చదివిన మనిషిని నేను చూడలేదు.

భీమవరంలో ఒక కళ్ళ డాక్టరు నన్ను ఐదేళ్ల మోక్షితకు రాశాడు. "శని, ఆదివారాలు కుడికంట్లో ఒక్కో చుక్క. ఎడమకన్ను దారికి రావాలంటే ఇదే వయసమ్మా. ఆలస్యమైతే కష్టం" అని తల్లి సత్యవేణికి చెప్పాడు. ఆమె తెల్లారకముందే రొయ్యల షెడ్డులో పనికి పోవాలి. అందుకని నన్ను అత్తగారు వీరరాఘవమ్మ చేతిలో పెట్టి, "కుడికన్ను అత్తయ్యా, కుడికన్ను" అని పదిసార్లు చెప్పింది.

వీరరాఘవమ్మకు చెవుడు లేదు, మతిమరుపూ లేదు. ఉన్నదల్లా అనుభవం. "కాలు నొప్పైతే చేతికి కట్టు కడతారేంటి? బాగున్న కంట్లో మందేసి, ఉన్న ఒక్క చూపూ పోగొట్టుకోమంటాడా ఆ కుర్రడాక్టరు?" అని నన్నే నిలదీసింది. మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ ఎడమకంట్లో వేసింది.

"అమ్మ ఇటు కదా వెయ్యమంది?" అంది పిల్ల.

"అమ్మకి చెప్పకే, నా బంగారు తల్లివి కదూ" అంటూ చేతిలో వేరుశనగ ఉండ పెట్టింది.

నాకు తెలుసు. తెలిసీ ఏం లాభం? ఎక్కడ పడితే అక్కడ నా పని నేను చేసుకుపోయాను. అసలే చూపు ఆనని కంటికి నేనూ తోడై గోరుచుట్టు మీద రోకటిపోటునయ్యాను. నాలుగు వారాలు, ఎనిమిది చుక్కలు. ప్రతి చుక్కకీ సిగ్గుతో చచ్చాను.

వాడిన మందు కూడా తెమ్మన్నారని నెల తర్వాత నన్నూ తీసుకెళ్ళారు. డాక్టరు టార్చి వేసి చూసి, "ఎడమ కంటిపాప ఇంతలా విచ్చుకుందేమిటి? మందు ఏ కంట్లో వేస్తున్నారు?" అన్నాడు.

సత్యవేణి అత్తగారి వంక చూసింది. వీరరాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూసింది.

"నేనే" అంది మోక్షిత. "నాయనమ్మ ఇటు వేస్తంటే నేనే తల తిప్పేసేదాన్ని."

ముసలావిడ అక్కడే కూలబడిపోయింది. "అబద్ధం బాబూ! దాన్నేం అనకండి. నేనే వేశాను. మీకంటే నాకే తెలుసనుకున్నాను. అమ్మకి చెప్పొద్దని నేర్పిందీ నేనే."

డాక్టరు కేకలేయలేదు. రెండు వారాలు మందు ఆపి, కొత్త సీసాతో మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. ఇంకా వయసుంది, ప్రయత్నిద్దామన్నాడు.

ఇప్పుడు ఆయన బల్లకింది చెత్తబుట్టలో ఉన్నాను. నాకు తగిన చోటే. ఇందులో పడేముందు చూసిందొకటి మాత్రం మరుపు రావడం లేదు. డాక్టరు పిల్ల కుడికన్ను అరచేత్తో మూసి, "ఎదురుగా ఏం కనపడుతోంది?" అని అడిగాడు. ఎదురుగా, రెండడుగుల దూరంలో, ఊపిరి బిగబట్టి వీరరాఘవమ్మ ఉంది.

మోక్షిత మెడ ముందుకు చాచి చాలాసేపు చూసింది.

"ఎవరో కూర్చున్నారు" అంది.